94.6 పర్సంటైల్ అమ్మాయి: నేను లెక్క తప్పిన కేసు

2025 ఫిబ్రవరిలో, ఎన్ఐటీల్లాంటి కేంద్ర ఇంజినీరింగ్ కాలేజీల్లో సీట్ల కోసం రాసే జేఈఈ మెయిన్ జనవరి సెషన్ ఫలితాలు వచ్చిన మూడో రోజు సాయంత్రం, గుంటూరులోని నా ఆఫీసుకి ఒక కుటుంబం వచ్చింది. తండ్రికి పల్నాడులో ఎరువుల షాపు. తల్లి ఇంటిపట్టునే ఉంటుంది. అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతోంది. ప్రాక్టికల్స్ మధ్యలో రెండు రోజులు ఖాళీ దొరికితే ఊరికి వచ్చి, అటునుంచి అటే ఇక్కడికి వచ్చారు.

కూర్చోగానే తండ్రి ఫోన్ తీసి నా ముందు పెట్టారు. స్కోర్ కార్డు ఫొటో. మొత్తం స్కోరు 94.6, కింద మ్యాథ్స్ 89.2, ఫిజిక్స్ 95.1, కెమిస్ట్రీ 97.0. కార్డు మీద ఏడు దశాంశాలు ఉంటాయి, ఇక్కడ ఒకటే రాస్తున్నాను. మనుషుల వివరాలు కూడా గుర్తుపట్టకుండా కొంచెం మార్చాను.

"నూటికి 94 వచ్చినట్టే కదండీ సార్? మా బామ్మర్ది కొడుక్కి 97 వచ్చింది. వాళ్ళేమో ఎన్ఐటీ ఖాయం అంటున్నారు. మూడు మార్కుల్లో ఏముంటుంది, మాకూ వచ్చుద్దిగా?"

పిల్లలకీ తల్లిదండ్రులకీ ర్యాంకులు, సీట్ల విషయంలో సలహాలివ్వడం నా పని. పదకొండేళ్లుగా చేస్తున్నాను. ఏటా ఫిబ్రవరిలో ఈ ప్రశ్న కనీసం వందసార్లు వింటాను. అయినా ఈ కేసుని రాయడానికి కారణం ఆయన ప్రశ్న కాదు. ఆ సాయంత్రం నేనిచ్చిన జవాబులో ఒక తప్పు దొర్లింది. అది ఏప్రిల్లో బయటపడింది.

కార్డు మీద ఉన్నదేంటి

ముందుగా నేను చేసే పని, ఆ అంకెని మార్కుల లెక్కలోంచి బయటికి లాగడం. పర్సంటైల్ అన్న మాటలో పర్సంట్ వినపడుతుంది కాబట్టి అందరూ దాన్ని మార్కుల శాతం అనుకుంటారు. మనకి చిన్నప్పటినుంచి 60 దాటితే ఫస్ట్ క్లాసు, 35 వస్తే పాసు. ఆ కొలతతో చూస్తే 94 అంటే బ్రహ్మాండమే.

"తిరుమల సర్వదర్శనానికి వెళ్లారుగా?" అని అడిగాను. ఏడాదికి ఒకసారి వెళ్తామని తల్లి చెప్పింది.

వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు ఉంటాయి. జనవరి సెషన్ పేపర్-1, అంటే ఇంజినీరింగ్ పేపర్, ఐదు రోజులు, రోజుకి రెండు షిఫ్టులు, మొత్తం పది షిఫ్టుల్లో జరిగింది. వాటిని పది కంపార్ట్‌మెంట్లు అనుకోమన్నాను. ఒక్కో కంపార్ట్‌మెంట్‌లో ప్రశ్నపత్రం వేరు. ఒకరికి మ్యాథ్స్ చావగొట్టి ఉండొచ్చు, ఇంకొకరికి తేలిగ్గా వచ్చి ఉండొచ్చు. అందుకని మార్కులకి మార్కులు పోల్చరు. ప్రతి షిఫ్టులోనూ ఎవరి వెనక ఎంతమంది ఉన్నారో చూస్తారు. అమ్మాయికి వచ్చినన్ని మార్కులో, అంతకన్నా తక్కువో వచ్చినవాళ్లని లెక్కపెట్టి, ఆ షిఫ్టు రాసినవాళ్ల మొత్తంతో భాగించి, 100తో గుణిస్తారు. అదే పర్సంటైల్. ఏ షిఫ్టులోనైనా టాపర్‌కి 100 వస్తుంది, వాళ్లకి 300కి 300 వచ్చినా, 280 వచ్చినా.

"అంటే నూరుమందిలో ఐదుగురే మా అమ్మాయికి ముందున్నారు. అంతేగా?" తల్లి అడిగింది.

అంతే. కానీ ఆ నూరుమంది ఎన్ని నూర్లు అన్నదే అసలు సంగతి. జనవరి సెషన్‌కి హాజరైనవాళ్లు 12,58,136 మంది. పది షిఫ్టులకి పంచితే ఒక్కోదాంట్లో సుమారు లక్షా పాతికవేలు. అందులో 5.4 శాతం అంటే ఆ ఒక్క షిఫ్టులోనే ఆమెకి ముందు 6,800 మంది దాకా ఉన్నట్టు. తల్లి మళ్లీ ఏమీ అడగలేదు. బామ్మర్ది కొడుక్కీ ఈమెకీ మధ్య ఉన్న 2.4 పర్సంటైల్ దేశం మొత్తం మీద చూస్తే ముప్పై వేలకి పైన మనుషులు. మూడు మార్కులు కాదు.

మార్కుల సంగతి కూడా చెప్పాలి. స్కోర్ కార్డు మీద మార్కులు ఉండవు. అమ్మాయి తన రెస్పాన్స్ షీటునీ ఆన్సర్ కీనీ పక్కపక్కన పెట్టుకుని లెక్క వేసుకుంది. 75 ప్రశ్నలు, సరైనదానికి 4, తప్పుకి మైనస్ 1. మొత్తం 300కి 118 వచ్చాయి. అంటే శాతంలో 40 కూడా లేదు. ఈ మాట తండ్రికి చెప్పొద్దని అమ్మాయి కళ్లతోనే సైగ చేసింది. నేను చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. వెంటనే రెండో మాట కూడా చెప్పాల్సి వచ్చింది: 300కి 118 తెచ్చుకుని నూటికి 94 మందికి ముందు నిలబడిందంటే ఆ పరీక్ష ఎలాంటిదో చూడండి అని. ఇంటర్లో 95 శాతం తెచ్చుకునే పిల్లలకి ఈ పరీక్షలో 40 శాతం రావడం మామూలే. అక్కడ ప్రశ్నలు పాస్ చేయడానికి కాదు, లక్షలమందిని ఒకరి వెనక ఒకరిని నిలబెట్టడానికి తయారుచేస్తారు.

ఇంకో మెలిక ఉంది. క్యూలో జనం అంతటా ఒకేలా ఉండరు. మధ్యలో కిక్కిరిసి ఉంటారు, ముందు పలచగా ఉంటారు. 60 పర్సంటైల్ దగ్గర ఒక్క ప్రశ్న సరిచేసుకుంటే చాలామందిని దాటొచ్చు. 97 నుంచి 99కి వెళ్లడానికి మాత్రం అవే రెండు పర్సంటైల్‌కి పదుల మార్కులు పెంచుకోవాలి. "ఇంకో రెండు పర్సంటైల్ పెంచమ్మా" అని హాస్టల్‌కి ఫోన్ చేసి చెప్పే తండ్రులకి ఈ సంగతి తెలియదు. పిల్లలకి బాగా తెలుసు.

సగటు ఎందుకు కుదరలేదు

తండ్రి షాపు నడిపే మనిషి, లెక్క వదిలిపెట్టడు. ఫోన్లో కాలిక్యులేటర్ తీసి మూడు సబ్జెక్టుల పర్సంటైల్స్ కూడి మూడుతో భాగించారు. 93.8 వచ్చింది. కార్డు మీద 94.6 ఉంది. "ఇదేందండీ, టోటల్ తప్పు వేశారు. మనకి లాభమే అనుకోండి, కానీ తప్పు తప్పేగా."

నాకు నచ్చిన ప్రశ్న ఇది. మొత్తం పర్సంటైల్ సబ్జెక్టుల సగటు కాదు. మొత్తం మార్కుల క్యూ వేరుగా కడతారు. మ్యాథ్స్‌లో ఈమెకి ముందున్నవాళ్లలో చాలామంది కెమిస్ట్రీలో వెనకపడ్డారు. కెమిస్ట్రీలో దగ్గరగా ఉన్నవాళ్లు ఫిజిక్స్‌లో జారిపోయారు. మూడింట్లోనూ ఓ మోస్తరుగా నిలబడ్డ పిల్ల, మొత్తం క్యూలో తన సగటు కన్నా కొంచెం ముందుకి వస్తుంది. పైవైపు ఉన్న పిల్లలకి మామూలుగా ఇలాగే జరుగుతుంది. కిందివైపు తిరగబడుతుంది: మూడింట్లోనూ బలహీనంగా ఉన్నవాళ్లకి మొత్తం పర్సంటైల్ సగటు కన్నా కిందికి పోతుంది.

ఆయన ఆ వివరణ ఒప్పుకున్నారో లేదో గానీ కాలిక్యులేటర్ మూసేశారు.

నా తప్పు

తర్వాత అందరూ అడిగేదే అడిగారు. "ర్యాంకు ఎంత వచ్చుద్ది?"

జనవరి ఫలితాలతో ర్యాంకు ఇవ్వరు. ఏప్రిల్ సెషన్ కూడా అయ్యాక, రెండింట్లో ఏది ఎక్కువైతే అది తీసుకుని ర్యాంకు వేస్తారు. ఈలోగా అంచనా వేయడం మా పని. సూత్రం అందరికీ తెలిసిందే: నూట్లోంచి పర్సంటైల్ తీసేసి, మిగిలిన శాతాన్ని రాసినవాళ్ల సంఖ్యతో గుణించాలి. నేను 5.4 శాతాన్ని 12,58,136తో గుణించి, ఒక తెల్ల కాగితం మీద "సుమారు 68,000" అని రాసి ఇచ్చాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో కళ్లజోడు డబ్బా వెనక దోపుకున్నారు.

సూత్రంలో తప్పులేదు, గుణించిన సంఖ్యలో ఉంది. ర్యాంకు వేసేది జనవరి జనానికి కాదు, రెండు సెషన్ల జనాన్నీ కలిపి, రెండుసార్లు రాసి ఇద్దరుగా కనపడేవాళ్లని ఒక్కరిగా చేసి. ఆ సంఖ్య ఫిబ్రవరిలో ఎవరికీ తెలియదు, నిజమే. కానీ అంతకుముందు ఏడాది, 2024లో, ఆ సంఖ్య 14,15,110. అదన్నా వేసి ఉండాల్సింది. అలవాటు కొద్దీ చేతికందిన అంకె వేశాను. వచ్చిన జవాబు తండ్రికి నచ్చింది, నాకూ హాయిగా ఉంది, దాంతో రెండోసారి చూసుకోలేదు. నచ్చే జవాబునే రెండోసారి చూసుకోవాలని ఈ పనిలో నాకు తెలియక కాదు.

ఏప్రిల్: మార్కులు పెరిగాయి, పర్సంటైల్ తగ్గింది

ఏప్రిల్ సెషన్‌లో అమ్మాయి లెక్క ప్రకారం 126 వచ్చాయి. ఎనిమిది మార్కులు పెరిగాయి. పర్సంటైల్ 94.1. అర పర్సంటైల్ తగ్గింది.

ఆ రోజు ఉదయం ఏడున్నరకే ఫోన్. "మార్కులు పెరిగితే పర్సంటైల్ తగ్గుద్దా సార్? ఏదో జరిగింది. కోర్టుకి పోతే?"

కోర్టుకి పోయే పని లేదని చెప్పడానికి పావుగంట పట్టింది. ఏప్రిల్లో పేపర్-1కి హాజరైనవాళ్లు 9,92,350 మంది, తొమ్మిది షిఫ్టుల్లో. వాళ్లలో 7,75,383 మంది జనవరిలో కూడా రాసినవాళ్లే. అంటే ఏప్రిల్ క్యూలో ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ఒకసారి ఆ హాలు చూసి, రెండు నెలలు మళ్లీ చదివి వచ్చినవాళ్లు. జనవరిలో చేతులెత్తేసినవాళ్లు చాలామంది రెండోసారి రానేలేదు. అమ్మాయి మెరుగైంది, కానీ పక్కవాళ్లు కూడా ఊరికే కూర్చోలేదు. దానికితోడు ఆమెకి పడ్డ పేపర్ జనవరిది కన్నా తేలిక. పేపర్ తేలికైతే అందరి మార్కులూ పెరుగుతాయి.

"అంటే మా పాప కష్టపడ్డా ఉపయోగం లేదా?" అన్నారు. కష్టపడకపోతే ఇదే పేపర్లో 92కో 91కో జారిపోయేదని చెప్పాను. అది రుజువు చేయగలిగిన మాట కాదు. అయినా అదే నా నమ్మకం.

షిఫ్టుల మధ్య ఈ సర్దుబాటు న్యాయమేనా అని చాలామంది అడుగుతారు. పిల్లల్ని షిఫ్టులకి కంప్యూటర్ ఎలా పడితే అలా పంచుతుంది, ఒక్కో షిఫ్టులో లక్షమంది ఉంటారు, కాబట్టి ఒక షిఫ్టులో తెలివైనవాళ్లంతా పోగుపడే అవకాశం తక్కువ. ఆ నమ్మకం మీదే ఈ పద్ధతంతా నిలబడింది. ఒకే సెషన్లో షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య అది బాగానే పనిచేస్తుంది. జనవరి జనానికీ ఏప్రిల్ జనానికీ మధ్య అంత బాగా పనిచేస్తుందని నేననుకోను, ఎందుకంటే ఏప్రిల్‌కి ఎవరు రావాలో తేల్చేది కంప్యూటర్ కాదు, పిల్లలే. కానీ దాని గురించి దిగులుపడి ఒక్క ర్యాంకు కూడా మారదు. షిఫ్టు గురించి రెండు రోజులకి మించి మాట్లాడే ఇంట్లో ఆ వారం చదువు సాగదు. నేను చూశాను.

ఆ సాయంత్రమే డాలస్ నుంచి అమ్మాయి మేనమామ వీడియో కాల్‌లోకి వచ్చాడు. వాళ్ల పాప ఎస్ఏటీ రెండుసార్లు రాసిందట. అక్కడ చాలా కాలేజీలు ఒకసారి రాసిన మ్యాథ్స్, ఇంకోసారి రాసిన ఇంగ్లీషు, ఏది మెరుగైతే అది తీసుకుని కలుపుతాయి. ఇక్కడ జనవరి కెమిస్ట్రీ, ఏప్రిల్ మ్యాథ్స్ కలపరా అని ఆయన ప్రశ్న. కలపరు. మొత్తం స్కోర్లు రెండింట్లో ఎక్కువున్నది ఒకటే తీసుకుంటారు. అలా కలిపితే మాకు ఎంత వచ్చేదో అని అమ్మాయి ఓ కాగితం మీద లెక్క మొదలుపెట్టింది. చింపేయమన్నాను.

ఎనిమిది వేలు ఎక్కడికి పోయాయి

తుది ఫలితాల్లో స్కోరు 94.6 దగ్గరే నిలిచింది. సీఆర్ఎల్ ర్యాంకు, అంటే అన్ని కేటగిరీలూ కలిపి వేసే ర్యాంకు, 76 వేల చిల్లర. ఓబీసీ-ఎన్‌సీఎల్ (నాన్ క్రీమీలేయర్ ఓబీసీలు) ర్యాంకు 23 వేల పైన.

తండ్రి ఈసారి ఒక్కరే వచ్చారు. కూర్చోకముందే జేబులోంచి ఆ నాలుగు మడతల కాగితం తీసి టేబుల్ మీద పరిచారు. మడతల దగ్గర చెమటకి సిరా కొంచెం చెదిరింది. అయినా 68,000 స్పష్టంగా కనపడుతోంది.

"పర్సంటైల్ అదే. మీరు 68 అన్నారు. 76 వచ్చింది. ఎనిమిది వేల మంది మధ్యలో ఎక్కడినుంచి దూరారు?"

కోపంగా అడగలేదు. దుకాణంలో సరుకు తగ్గితే గుమాస్తాని అడిగినట్టు అడిగారు. నేను నా తప్పు అని చెప్పి, ఆ కాగితం కిందే లెక్క మళ్లీ వేశాను. రెండు సెషన్లూ కలిపి రాసిన మనుషులు 14,75,103. అందులోంచి జనవరి వాళ్లని తీసేస్తే 2,16,967 మంది ఏప్రిల్లో మాత్రమే రాశారు. ఫిబ్రవరిలో నేను లెక్క వేసినప్పుడు వాళ్లెవరూ క్యూలోనే లేరు. వాళ్లలో కొంతమంది అమ్మాయికి ముందు నిలబడ్డారు. వాళ్లు కాక, జనవరిలో ఆమె వెనకున్న కొందరు ఏప్రిల్లో 95 దాటారు. అమ్మాయి కదల్లేదు, క్యూ పొడుగైంది. 2024 అంకెతో గుణించి ఉన్నా 76,400 వచ్చేది. దాదాపు సరిగ్గా.

మరి అసలు సంఖ్య 14,75,103తో గుణిస్తే? 79,700 వస్తుంది. వచ్చిన ర్యాంకు కన్నా మూడున్నర వేలు ఎక్కువ. ఇదెందుకని నాకూ సందేహం వచ్చి, ఆ ఏడాది కటాఫ్‌తో సరిచూశాను. ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి జనరల్ కటాఫ్ 93.1021515. సూత్రం ప్రకారం దానికి పైన సుమారు 1,01,700 మంది ఉండాలి. మెయిన్ నడిపే సంస్థ ఎన్‌టీఏ చూపించిన లెక్క 97,321. ఇక్కడా సూత్రం నాలుగున్నర శాతం ఎక్కువ చెబుతోంది. రెండు సెషన్లని వేర్వేరుగా కొలిచి తర్వాత కలపడంలో వచ్చే తేడా అది. ఇప్పుడు అంచనా వేసేటప్పుడు ఒక అంకె చెప్పను. ఒక అంకె నుంచి ఇంకో అంకె దాకా అని చెబుతాను. తల్లిదండ్రులకి అది నచ్చదు. "కచ్చితంగా చెప్పండి సార్" అంటారు.

కటాఫ్ గురించి మాట వచ్చింది కాబట్టి, దాని వల్ల వచ్చిన ఒక పొరపాటు కూడా. ఓబీసీ కటాఫ్ 79.43 అని టీవీలో చూసి, మనం పదిహేను పైన ఉన్నాం, ఇక సీటు మనదే అని ఇంట్లో స్వీట్లు పంచారు. ఆ కటాఫ్ సీటుది కాదు, అడ్వాన్స్‌డ్ పరీక్ష రాయడానికి ఇచ్చే టిక్కెట్టు. ఆ టిక్కెట్టు 2025లో 2,50,236 మందికి వచ్చింది. ఐఐటీల్లో సీట్లు 18 వేల చిల్లర. అమ్మాయి మే 18న అడ్వాన్స్‌డ్ రాసింది, ర్యాంకు రాలేదు, ఆమె పెద్దగా ఆశించనూ లేదు. అక్కడ పర్సంటైల్ గొడవ ఉండదు, అందరూ ఒకే రోజు అవే రెండు పేపర్లు రాస్తారు కాబట్టి మార్కులే మాట్లాడతాయి.

ఒకే పిల్ల, రెండు రాష్ట్రాలు

నేను ఈ కేసులో అందరికన్నా ఎక్కువసేపు కూర్చున్నది ఇక్కడ.

ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకి, సగం బయటివాళ్లకి. తండ్రి మనసంతా తాడేపల్లిగూడెం మీద ఉంది. అక్కడి ఎన్ఐటీ ఆంధ్రప్రదేశ్‌ది, మనం ఆంధ్రావాళ్లం, ఆధార్ కార్డు మీద పల్నాడు అని ఉంది, ఇంకేం కావాలి అని. కానీ ఇక్కడ సొంత రాష్ట్రం అంటే పుట్టిన ఊరు కాదు, రేషన్ కార్డు ఉన్న ఊరు కాదు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసైతే అది. అమ్మాయి ఇంటర్ హైదరాబాద్‌లో. కాబట్టి ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే జోసా లెక్కలో ఆమె తెలంగాణ పిల్ల. వరంగల్ ఎన్ఐటీలో సొంత రాష్ట్రం, తాడేపల్లిగూడెంలో బయటి మనిషి.

ఎంసెట్ దగ్గరికి వస్తే ఇది తిరగబడుతుంది. పేరు ఈఏపీసెట్ అయ్యింది గానీ ఇళ్లల్లో ఇంకా ఎంసెట్టే. స్థానికత అక్కడ చివరి నాలుగేళ్ల చదువు ఎక్కడ అని చూస్తుంది, అవి ఒకేచోట లేకపోతే చివరి ఏడేళ్లలో ఎక్కువకాలం ఎక్కడో చూస్తుంది. ఆరు నుంచి పది దాకా ఐదేళ్లు ఇక్కడి స్కూల్లో, రెండేళ్లు హైదరాబాద్‌లో. కాబట్టి ఆమె ఆంధ్రా స్థానికురాలు, ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) రీజియన్. తెలంగాణలో కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు) మీద ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాల్సి వచ్చింది. అక్కడ స్థానికులకి కేటాయించకుండా వదిలే 15 శాతం సీట్ల నిబంధనలు 2025లో మారాయి.

ఒకే అమ్మాయి ఒక కౌంటర్ దగ్గర తెలంగాణ, ఇంకో కౌంటర్ దగ్గర ఆంధ్రా. తండ్రి నవ్వారు. ఆ రోజు ఆయన నవ్వింది అదొక్కసారే.

ఓబీసీ ర్యాంకు గురించి కూడా ఒక జాగ్రత్త. ఆయన దగ్గరున్నది రాష్ట్రం ఇచ్చిన బీసీ-డి సర్టిఫికెట్. 23 వేల ర్యాంకు చెల్లాలంటే కేంద్రం నమూనాలో, నాన్ క్రీమీలేయర్ అని రాసి, 2025 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ తీసుకున్న కాగితం కావాలి. కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి. వీళ్లది ఉంది. కాగితం లేకపోతే 23 వేలు మాయమై 76 వేలు మాత్రమే మిగులుతుంది. తహసీల్దారు ఆఫీసు చుట్టూ ఆరు రోజులు తిరిగి తెచ్చారు.

ఆంధ్రా ఎంసెట్ లెక్క

ఇక్కడ పర్సంటైల్ కాదు. 160 ప్రశ్నలు, 160 మార్కులు, మైనస్ లేదు. సెషన్ల మధ్య సర్దుబాటు ఉంటుంది గానీ అది మార్కుల మీదే జరుగుతుంది: ప్రతి సెషన్ సగటు, మార్కులు ఎంత చెదిరాయి, పైనున్న 0.1 శాతం మంది సగటు ఎంత అన్నవి తీసుకుని మార్కుల్ని పైకో కిందికో జరుపుతారు. తర్వాత ఇంటర్ వెయిటేజీ. తెలంగాణ 2023లో దాన్ని తీసేసింది. ఆంధ్రాలో పరీక్షకి 75, ఇంటర్ గ్రూపు మార్కులకి 25.

అమ్మాయికి గ్రూపులో 600కి 582. పరీక్షలో సర్దుబాటు తర్వాత 92. పరీక్ష నుంచి 43.1, ఇంటర్ నుంచి 24.25, కలిపి 67.4.

582 చూసి తండ్రికి ధీమా వచ్చింది. ఆ ధీమా ఎంత విలువ చేస్తుందో లెక్కవేసి చూపించాను. 540 తెచ్చుకున్న ఇంకో పిల్ల ఉందనుకుందాం. ఇంటర్లో 42 మార్కుల తేడా ఇక్కడ 1.75 అవుతుంది. ఎంసెట్లో నాలుగు ప్రశ్నలు ఎక్కువ చేస్తే ఆ పిల్ల దాటేస్తుంది. ఎంసెట్లో ఒక మార్కు, ఇంటర్లో పదకొండు మార్కులతో సమానం. ఏప్రిల్లో, పరీక్షలు అయ్యాక, ఈ లెక్క చూపిస్తే పిల్లలు నన్ను తిట్టుకుంటారు. ఇంటర్ ఫస్టియర్లోనే చూపించాలి.

ఫలితాల రోజు ఇంకో గుండెదడ. మార్కులు వచ్చాయి, ర్యాంకు గడిలో ఏమీ లేదు. అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. కారణం చిన్నదే. ఆంధ్రా బోర్డు పిల్లల ఇంటర్ మార్కులు వాటంతటవే వచ్చి కలుస్తాయి. తెలంగాణ బోర్డు వాళ్లు డిక్లరేషన్ ఇచ్చి తమ మార్కులు తామే నింపాలి. తండ్రి కాలేజీ వాళ్లు చూసుకుంటారనుకున్నారు, కాలేజీ వాళ్లు ఇంట్లో చూసుకుంటారనుకున్నారు. నా చెక్‌లిస్టులో ఆ గడి ఉంది, టిక్కు లేదు. మార్కుల మెమో పెట్టి నింపాక నాలుగంకెల ర్యాంకు వచ్చింది.

చివరికి

జోసాలో ఆమె ర్యాంకుకి, ఆడపిల్లల కోసం వేరుగా ఉంచిన సీట్లు కూడా కలుపుకుంటే, ఈశాన్యంలో ఒక ఎన్ఐటీలో సివిల్ వచ్చింది. ఆంధ్రా కన్వీనర్ కోటాలో ఇంటికి గంటన్నర దూరంలో ఈసీఈ. రెండూ ఒకే వారంలో చేతికొచ్చాయి. ఎన్ఐటీ అన్న పేరు కోసం తండ్రి, దగ్గర కోసం తల్లి. అమ్మాయిని అడిగితే "ఈసీఈ" అంది, ఇంకేం చెప్పలేదు.

చివరిసారి వచ్చినప్పుడు తండ్రి లేవబోతూ మళ్లీ కూర్చున్నారు. "ఒక్క మాట సార్. ఇంటర్‌కి హైదరాబాద్ పంపకుండా విజయవాడలోనే వేసి ఉంటే, తాడేపల్లిగూడెం వచ్చేదా?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ముందురోజు రాత్రే అంతకుముందు ఏడాది ముగింపు ర్యాంకులు తీసి చూసుకున్నాను. సొంత రాష్ట్రం, ఓబీసీ, ఆడపిల్లల సీట్లు. పెద్ద బ్రాంచ్‌లు లేవు. బయోటెక్ లాంటివాటికి ఆశ పెట్టుకునేంత దగ్గరగా ఉంది. అదే చెప్పాను.

ఆయన కాసేపు ఫ్యాన్ వైపు చూశారు. "రెండేళ్ల హాస్టల్ ఫీజు" అన్నారు, అంకె చెప్పకుండా.

"నాన్నా, బయోటెక్ నేను ఆప్షన్‌లో కూడా పెట్టేదాన్ని కాదు" అంది అమ్మాయి, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఆయన కళ్లజోడు డబ్బా తీసి, వెనకనున్న కాగితం బయటికి లాగి, చూసి, నా టేబుల్ మీదే వదిలేశారు. "ఇంతకీ కాలేజీ ఫీజు ఆన్‌లైన్లో కట్టాలా, బ్యాంకుకి పోవాలా?"